ఆరోగ్య శాఖ మంత్రి గారికి: పేపర్ల లెక్క కాదు, ఫలితాలు అడగండి

మంత్రి గారూ, నమస్కారం.

డిజిటల్ హెల్త్ (యాప్‌లు, ఫోన్లు, ఏఐ లాంటివాటితో వైద్యం) మీద ఏ ప్రెజెంటేషన్ చూసినా మొదట్లోనే ఒక గ్రాఫ్ ఉంటుంది, ఏటేటా పరిశోధన పేపర్ల సంఖ్య పైపైకి పోతూ ఉంటుంది, అది చూపించి రంగం దూసుకుపోతోంది కాబట్టి ఇంకా నిధులివ్వండి అంటారు. ఆ పేపర్లు చదవడమే నా పని కాబట్టి చెప్తున్నా, ఆ గ్రాఫ్ చూసి సంతకం పెట్టకండి.

గ్రాఫ్ అబద్ధం అని కాదు. 1999లో జర్నల్ ఆఫ్ మెడికల్ ఇంటర్నెట్ రీసెర్చ్ మొదలైనప్పుడు ఈ రంగాన్ని పట్టించుకున్నవాళ్లే తక్కువ, తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, 2018లో ఎన్‌పీజే డిజిటల్ మెడిసిన్, 2019లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ అనే జర్నళ్లు వచ్చాయి, కోవిడ్‌తో టెలిమెడిసిన్ (ఫోన్లో, వీడియోలో వైద్యం) పేపర్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, ఇప్పుడేమో ఎక్కడ చూసినా చాట్‌బాట్లే. పేపర్లు పెరగడంలో వింతేం లేదు. పెరిగిన వాటిలో ఏముంది అన్నదే గొడవ. సగటున ఇంత శాతం అని నేను చెప్పలేను గానీ నా టేబుల్ మీదకి వచ్చేవాటిలో పైలట్లు (చిన్నగా చేసి చూసే ప్రయోగాలు), అసలు చేయడం కుదురుతుందా అని చూసే ఫీజిబిలిటీ స్టడీలు, మేం ఇలా చేయబోతున్నాం అనే ప్రోటోకాల్స్, వాటన్నిటినీ కలిపి సమీక్షించే రివ్యూలు, ఆ రివ్యూల మీద మళ్లీ రివ్యూలు (నిజంగానే ఉన్నాయండీ). చేశాక ఏమైంది అని వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు.

ఒక్క ఉదాహరణ కాస్త వివరంగా చెప్తా. ఛాతీ ఎక్స్‌రే, సీటీ స్కాన్ చూసి ఏఐతో కోవిడ్ పట్టేస్తాం అని 2020లో పోటీలు పడి రాశారు కదా, వాటి మీద 2021లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్‌లో ఒక రివ్యూ వచ్చింది. 2,212 పేపర్లతో మొదలుపెట్టి వడపోసుకుంటూ వెళ్తే క్వాలిటీ చెక్ దాటినవి 62, ఆ 62లో ఆసుపత్రిలో వాడదగ్గది ఒక్కటీ లేదని తేల్చారు. కారణాల్లో ఒకటి వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. కోవిడ్ లేనివాళ్ల ఎక్స్‌రేలు అని చాలామంది వాడేసిన డేటాసెట్‌లో ఉన్నది 1 నుంచి 5 ఏళ్ల పిల్లలు, కోవిడ్ ఉన్నవాళ్లేమో ఎక్కువగా పెద్దవాళ్లు, అంటే ఆ మోడల్ జబ్బుని పట్టుకోనక్కర్లేదు, పిల్లలెవరో పెద్దలెవరో కనిపెడితే చాలు, ఫస్ట్ క్లాస్ మార్కులు. పేపర్ మాత్రం పబ్లిష్ అయిపోతుంది, గ్రాఫ్‌లో ఒక చుక్క పెరుగుతుంది.

పెద్ద జర్నల్ అయితే సేఫ్ అనుకోవద్దు. 671 ఆసుపత్రుల ఎలక్ట్రానిక్ రికార్డులు, 96,032 మంది పేషెంట్లు అంటూ సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాతో, కోవిడ్‌కి వాడి చూస్తున్న మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ హాని చేస్తోందని లాన్సెట్‌లో 2020 మే 22న పేపర్ వచ్చింది, అది చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందుని కొన్నాళ్లు ఆపేసింది కూడా. ఆ డేటా బయటివాళ్లకి చూపించమంటే కుదరదన్నారు, జూన్ 4కల్లా పేపర్ వెనక్కి తీసేశారు.

మంత్రులు ఏమీ చేయలేరు అనకండి, 2012లో ఉగాండా ఆరోగ్య శాఖ ఎవరికి వాళ్లు పెట్టుకుంటున్న మొబైల్ హెల్త్ పైలట్లు చూసి విసిగిపోయి, ఇక చాలు ఆపండి, ముందు ఒక పద్ధతి ప్రకారం రండి అంది. నేను అంత దూరం వెళ్లమనట్లేదు. ప్రజల డబ్బుతో చేసే ప్రతి డిజిటల్ హెల్త్ ట్రయల్‌ని మొదలుపెట్టకముందే రిజిస్ట్రీలో (ట్రయల్స్ వివరాలు అందరికీ కనిపించే జాబితాలో) రిజిస్టర్ చేయించండి, ఏ యాప్ అయినా ఏ ఏఐ టూల్ అయినా కొనేముందు దాన్ని తయారుచేసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు, వేరే ఆసుపత్రి డేటా మీద టెస్ట్ చేసిన రిజల్ట్ అడగండి. ఏఐ ట్రయల్స్ ఎలా రిపోర్ట్ చేయాలో కన్సార్ట్-ఏఐ గైడ్‌లైన్ 2020 నుంచే ఉంది, కొత్తగా కమిటీ వేయాల్సిన పని కూడా లేదు. యాప్ వాడటం ఎంతమంది మానేశారో, ఏ నెలలో మానేశారో కూడా రాయించండి, అది ఎప్పుడూ పేపర్‌కి విడిగా జతచేసే సప్లిమెంటరీ ఫైల్లో చివరి టేబుల్‌లోనే దాక్కుంటుంది.

ఇంకొకటి, అసలు పని చేసేది ఇదే అని నా నమ్మకం. గ్రాంట్ చివరి విడత డబ్బులు ఫలితాలు రిజిస్ట్రీలో పెట్టాకే ఇవ్వండి, ఫలితం ఫెయిల్ అయినా సరే. అప్పుడు చూడండి, ఎన్ని పాత పైలట్లు బీరువాల్లోంచి బయటికొస్తాయో.

ఇట్లు,
ఈ పేపర్లు చదివే ఉద్యోగంలో ఉన్న ఒక పౌరుడు