చలిమంటల్ల టైర్లు ఎయ్యకున్రి

అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్తే. హన్మకొండల చలి బాగనే ఉన్నది, మంట వద్దంటలేను. కానీ నిన్న రాత్రి మన గల్లీ మూలమీద పాత టైరు కాలవెట్టిన్రు. మా అమ్మకు తెల్లారేదాంక దగ్గు ఆగలేదు.

కట్టెపొగ గూడ మంచిది కాదు, ఊపిరితిత్తులల్లకు దిగే సన్న నుసి ఉంటది. అయినా బాగ ఎండిన తుమ్మకట్టె అయితే పొగ తక్కువ, బూడిద చెట్లకు పనికొస్తది. టైరు అట్ల కాదు. దాంట్ల గంధకం, జింకు, పెట్రోలియంతోటి చేసిన రబ్బరు ఉంటయి. కాలితే సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ తెచ్చే బెంజీన్ వస్తయి. ఆ బూడిద మొక్కలకు అస్సలు ఎయ్యకున్రి.

అట్లని మిద్దెమీద పడేసుడు సుత తప్పే. నీళ్లు నిలిస్తే డెంగీ దోమ అండ్లనే గుడ్లు పెడతది. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలలకొద్ది బతుకుతయి. పిల్లలకు ఉయ్యాల కడితే అడుగున బొక్కలు పెట్టున్రి. పూలమొక్కలు సరే, కూరగాయలు మాత్రం టైర్లల్ల వద్దు.

కేంద్ర ప్రభుత్వం 2022ల తెచ్చిన నిబంధనలతోటి పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత టైర్ల కంపెనీలదే. ఆదివారం పొద్దుగాల నా ట్రాలీల టైర్ల షాపుకు తీస్కపోత, మీ ఇండ్లల్ల ఉన్నయి గేటు బయట పెట్టున్రి.