కొత్త పంట కాఫీ గింజ ఫిబ్రవరి చివరిదాకా ఎందుకు రాదంటే

సంక్రాంతికే కొత్త గింజ పంపమని చాలామంది అడుగుతున్నారు. పంపలేం. పై వాలు గింజ ఫిబ్రవరి చివర్లో, లోయ గింజ మార్చి మధ్యలో వస్తాయి. రెంటినీ కలపం.

మా గింజ పండే పాడేరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. ఆ చల్లదనానికి పండు నిదానంగా ముగ్గి గింజ గట్టిపడుతుంది, అరబికా రకం కాఫీ అక్కడ నిలిచేది అందుకే. కోత అయ్యాక మాత్రం అదే చలి తలనొప్పి.

అసలు తేడా పూతలోనే మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్‌లో 25 నుంచి 40 మిల్లీమీటర్ల వాన ఒక్కసారిగా పడితే పది రోజుల్లోపు తోట పూలతో తెల్లబడుతుంది. కొండల్లో ఉరుముల వాన ఒక వాలును తడిపి పక్కదాన్ని వదిలేస్తుంది. చాలీచాలని జల్లు పడితే మొగ్గ సగం విచ్చుకుని మాడుతుంది. అందుకే పండ్లు ఒకేసారి పండవు, మూడు నాలుగు విడతలు కోయాలి.

డిసెంబరు రాత్రుల్లో వాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి అక్కడే నిలుస్తుంది. పొద్దెక్కేదాకా పొగమంచు వదలదు, లోయలో కళ్లానికి ఎండ ఆలస్యం. పండు తోలు ఒలిచే పల్పర్ యంత్రం దాటిన గింజకు జిగురు వదలడానికి మామూలుగా 24–36 గంటలు, చలిలో ఇంకా ఎక్కువ పడుతుంది. గడియారాన్ని నమ్మకూడదు, చేత్తో రుద్దితే గరగరలాడాలి. తొందరపడి కడిగితే బూజు, ఎక్కువసేపు ఉంచితే పులిసిన కంపు.

తర్వాత పార్చ్‌మెంట్‌ను, అంటే పలచని పొట్టుతో ఉన్న కడిగిన గింజను, పలచగా పరిచి, తరచూ తిరగేస్తూ 11 శాతం తేమకు దించాలి. మంచి ఎండల్లో 7–10 రోజుల పని. మంచు దిగేలోపు కుప్పచేసి టార్పాలిన్ కప్పకపోతే పగలు పోయిన తేమ రాత్రికి తిరిగొస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల భయం ఉండనే ఉంది. తడిగాలి సముద్రం వైపు వాలు ఎక్కుతూ చల్లబడి అక్కడే ఎక్కువగా కురుస్తుంది. ముగ్గిన పండు పగిలి రాలుతుంది. నేల రాలిన పండు ఎంత చవకగా ఇచ్చినా మేం కొనం, కాబట్టి అలాంటి ఏడాది సరుకు తగ్గుతుంది, ధర పెరుగుతుంది.

ఇంట్లో వేయించుకునేవారు పై వాలు గింజకు మొదట్లో సెగ కాస్త ఎక్కువ పెట్టండి, గట్టిది. విశాఖ, కాకినాడ వైపువారు అరకిలో పొట్లాలే తెప్పించుకోండి. తీరం గాలికి తెరిచిన సంచి తేమ పట్టేస్తుంది. ఆర్డర్‌లో లోయదా, వాలుదా అన్నది తప్పక రాయండి.