ఎవరి వేలికైనా తెరుచుకునే మీ పిస్టల్ సేఫ్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: నమోదు చేయని వేలికి కూడా తెరుచుకుంటున్న వేలిముద్ర సేఫ్, దానితో కలిపి ఇచ్చిన హోల్‌స్టర్‌లో (పిస్టల్ పెట్టుకునే ఒరలో) లోపం. డబ్బు వాపసు ఇవ్వాలని, ఈ మోడల్ కొన్న అందరినీ హెచ్చరించాలని కోరుతూ.

డల్లాస్‌కు ఉత్తరాన మాకు ఒక గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని చిన్న స్టోరు ఉన్నాయి. రాత్రి షాపు మూశాక క్యాష్ తీసుకుని ఇంటికి వెళ్ళేది ఎక్కువగా నేనే. అందుకే పిస్టల్ కొన్నాను. మీ దగ్గరే ట్రైనింగ్ తీసుకున్నాను, మీ దగ్గరే సేఫ్, హోల్‌స్టర్ కలిపి ఉన్న ప్యాకు కూడా తీసుకున్నాను. డల్లాస్‌లో తుపాకీ షాపులకు కొదవ లేదు. మీ దగ్గరికే రావడానికి కారణం, మీరు తెలుగులో క్లాసు చెబుతారు, తెలుగులో ఫోన్ ఎత్తుతారు. ఈ లేఖ తెలుగులో రాయడానికీ కారణం అదే.

ఇక జరిగింది చెబుతాను. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య అల్మారా పై అరలో దుప్పట్లు సర్దుతున్నారు. మీ సేఫ్ అక్కడే అరకు స్క్రూలతో బిగించి ఉంది. దుప్పటి లోపలికి నెడుతుంటే ఆవిడ బొటనవేలు వేలిముద్ర పలక మీద పడింది. టిక్కుమని చప్పుడు, నీలం లైటు, మూత దానంతటదే పైకి లేచింది. లోపల లోడ్ చేసిన పిస్టల్ ఉంది. ఆవిడ వేలిముద్ర ఆ సేఫ్‌లో మేం ఎప్పుడూ ఎక్కించలేదు. అసలు ఆ పెట్టె ఏమిటో కూడా ఆవిడకు తెలియదు. చేతులు వెనక్కి తీసుకుని, "అమ్మాయ్, ఒకసారి ఇలా రామ్మా" అని గొంతు పెంచకుండా పిలిచారు. ఎందుకంటే తొమ్మిదేళ్ళ మా అబ్బాయి అదే గదిలో మంచం మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాడు.

ముందు వాణ్ణి హాల్లోకి పంపించాను. పిస్టల్‌ను గోడ వైపు తిప్పి, తూటాలుండే మ్యాగజైన్ తీసి, పిస్టల్ పై భాగమైన స్లైడ్ వెనక్కి లాగి, గొట్టం మొదట్లో ఉండే చాంబర్‌లోంచి తూటా బయటపడ్డాక కూడా చిటికెన వేలు పెట్టి ఖాళీగా ఉందని చూసుకున్నాను. మీ క్లాసులో నేర్పింది అదే, ఆ నేర్పడంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ రాత్రి అబ్బాయి పడుకున్నాక ఖాళీ సేఫ్‌ను డైనింగ్ టేబుల్ మీద పెట్టి మా ఆయనా నేనూ పరీక్షించాం. నమోదైనవి నా వేళ్ళు మాత్రమే. అయినా ఆయన చూపుడు వేలికి తెరుచుకుంది, అత్తయ్య ఉంగరం వేలికి తెరుచుకుంది. వేలిముద్రే ఉండని చోటు, అంటే మడిచిన వేలి వెనక కణుపు ఆనించినా తెరుచుకుంది.

మీ కాల్ సెంటర్‌లో మాట్లాడిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "బ్యాటరీలు మార్చినప్పుడు ఒక్కోసారి అలా అవుతుంది అక్కా, వేలిముద్రలు మళ్ళీ ఎక్కించండి, సరిపోతుంది" అన్నాడు. ఎక్కించాం. కొన్నాళ్ళు నా వేలికి తప్ప ఎవరికీ తెరుచుకోలేదు. తర్వాత బ్యాటరీలు మార్చగానే మళ్ళీ మొదటికొచ్చింది. మెమరీ పోయి, కొత్తగా డబ్బాలోంచి తీసినప్పుడు ఎలా ఉంటుందో అలా, ఎవరు తాకినా తెరుచుకునే స్థితికి వెళ్ళిపోయింది. ఇందులో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఒకటుంది. రెండు స్థితుల్లోనూ అదే నీలం లైటు, అదే చప్పుడు. నా వేలు పెట్టినప్పుడల్లా తెరుచుకుంటూనే ఉంటుంది కాబట్టి అంతా బాగానే ఉందని నేననుకుంటాను. పక్కవాళ్ళ వేలు పెట్టి చూస్తే తప్ప అది తాళమో కాదో తెలుసుకునే దారి లేదు. ఇంట్లో పిల్లలున్న ఏ తల్లీ అలాంటి పరీక్ష పిల్లవాడి వేలితో చేయదు కదా!

"సరిగ్గా సెట్ చేయలేదేమో" అని ఆ తర్వాత మీరు పంపిన ఈమెయిల్‌ను నేను ఒప్పుకోను. సెట్టింగ్ పోయినప్పుడు తాళం బిగుసుకుపోవాలి. అప్పుడు తాళంచెవితో తీసుకుంటాను, విసుక్కుంటానేమో, అంతే. సెట్టింగ్ పోతే బార్లా తెరుచుకునేలా తయారుచేయడం తయారీలో తప్పు. కొన్నవాళ్ళ చేతకానితనం కాదు.

ఈ లోపం లోకానికి కొత్తది కూడా కాదు. 2023 అక్టోబరులో అమెరికా కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ దాదాపు 61,000 వేలిముద్ర గన్ సేఫ్‌ల రీకాల్‌ను (లోపమున్న సరుకును కంపెనీ వెనక్కి తీసుకోవడం) ప్రకటించింది. నమోదు కాని వేళ్ళకు తెరుచుకోవడమే కారణం. అలాంటి ఒక సేఫ్‌లోంచి తీసిన తుపాకీ వల్ల 12 ఏళ్ళ బాలుడు చనిపోయాడంటూ దావా పడిన సంగతి కూడా ఆ ప్రకటనలో ఉంది. 2024లో వేరే బ్రాండ్లవీ రీకాల్ అయ్యాయి. మీ మోడల్ ఆ రీకాల్‌లో లేదని మీరు రాశారు. లేదు, నేనూ చూశాను. కానీ లోపం అదే. తుపాకుల మీద ఆ కమిషన్‌కు అధికారం లేకపోయినా, తుపాకీ పెట్టుకునే పెట్టె మీద ఉంది. ఈ వ్యాపారంలో ఉన్న మీకు ఆ రీకాల్‌ల గురించి తెలియదంటే నేను నమ్మలేను. తెలిసి కూడా తెలుగు కరపత్రంలో "మీ వేలికి తప్ప తెరుచుకోదు, ఇంట్లో పిల్లలున్నా నిశ్చింతగా ఉండండి" అని వేశారు. ఆ కరపత్రం ఇప్పటికీ నా దగ్గరుంది. కాపీ జతచేస్తున్నాను.

మీ షాపు కౌంటర్ పక్కన, చట్టం పెట్టమన్న బోర్డు ఒకటుంది. పిల్లలుండే చోట, వాళ్ళ చేతికి అందేలా తుపాకీని భద్రం చేయకుండా ఉంచడం చట్టవిరుద్ధం అని. టెక్సస్ పీనల్ కోడ్‌లో 46.13 సెక్షన్ అది. 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందితే కేసు, ఆ పిల్లలు పేల్చి ఎవరికైనా ప్రాణం పోయినా తీవ్రమైన గాయమైనా ఇంకా పెద్ద కేసు. తాళం వేసిన పెట్టెలో పెట్టడం, ట్రిగ్గర్ లాక్ వేయడం లాంటివి చేస్తే భద్రం చేసినట్టే అని అదే సెక్షన్ చెబుతోంది. ఆ మాట మీద భరోసాతోనే నేను పెట్టె కొన్నాను. ఏదైనా జరిగి ఉంటే కోర్టు బోనులో నిలబడేది నేను, మీరు కాదు. కోర్టు సంగతి అటుంచండి, ఆ పిల్లవాడు నా కొడుకు.

హోల్‌స్టర్ గురించి కూడా చెప్పాలి. ప్యాకులో వచ్చింది పల్చటి నైలాన్ సంచి. నడుము లోపల పెట్టుకునే రకం. నాది బయట సేఫ్టీ బటన్ లేని పిస్టల్, ట్రిగ్గర్ నొక్కుడు పడితే పేలుతుంది. అలాంటిదానికి ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు కడ్డీ) మొత్తాన్ని గట్టిగా కప్పే హోల్‌స్టర్ ఉండాలని మీ ఇన్‌స్ట్రక్టరే క్లాసులో చెప్పారు. మీ సంచిలో పిస్టల్ పెట్టి బయటి నుంచి వేలితో నొక్కితే గుడ్డ మీదుగా ట్రిగ్గర్ చేతికి తగులుతోంది. పిస్టల్ బయటికి తీయగానే సంచి మూతి ముడుచుకుపోతుంది. తిరిగి పెట్టాలంటే రెండో చేత్తో మూతి తెరిచి పట్టుకోవాలి, అంటే గొట్టం ముందు నా వేళ్ళే ఉంటాయి. పై పట్టీ కొస లోపలికి మడత పడి ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరడం ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే నా కళ్ళారా చూశాను. ఆ రోజే దాన్ని పక్కన పడేసి కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌ది కొనుక్కున్నాను. క్లాసులో ఒకటి చెప్పి కౌంటర్‌లో ఇంకొకటి అమ్మడం ఏం న్యాయం?

కరపత్రంలో "పిస్టల్‌ను హోల్‌స్టర్‌తో సహా సేఫ్‌లో ఉంచండి" అని ఇంకో సలహా ఉంది. రోజంతా నడుము చెమట పట్టిన గుడ్డను స్పాంజి పరిచిన పెట్టెలో మూసి పెడితే తేమ ఎక్కడికి పోతుంది? గురి చూసే వెనక సైటు పక్కన నాకు సన్నటి తుప్పు చుక్కలు కనిపించాయి. విడిగా తీసి, ఒక చుక్క గన్ ఆయిల్ వేసిన గుడ్డతో తుడిచి, సిలికా జెల్ ప్యాకెట్ వేసి పెట్టమని ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు.

కారులో పెట్టుకోవడానికి కూడా ఇదే మోడల్ ఇంకొకటి తీసుకోమని మీ సేల్స్‌మన్ చెబితే తీసుకున్నాను. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 దాటినవాళ్ళకు చాలావరకు లైసెన్సు లేకపోయినా హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను. అబ్బాయిని స్కూల్లో దింపాలి, స్కూలుకు 1,000 అడుగుల లోపు తుపాకీ వెంట ఉంచుకోవడాన్ని నిషేధించే ఫెడరల్ చట్టం వేరే ఉంది, ఆ రాష్ట్రపు లైసెన్సు ఉన్నవాళ్ళకు అందులో మినహాయింపు ఉంది. ఇక స్కూలు బిల్డింగులోకి ఎలాగూ తీసుకెళ్ళకూడదు. అలాంటప్పుడు పిస్టల్ కారులో ఆగాలి, అది మా అబ్బాయి కూర్చునే కారు. ఇంట్లో పెట్టెకున్న జబ్బే కారు పెట్టెకూ ఉందని చెక్ చేసి చూశాను.

ఒక మాట ఇక్కడే రాయాలి. మీ ప్రకటనలు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు లేకుండా, తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఆ గ్రూపుల్లో సగం మంది ఆ వీసా వాళ్ళే ఉంటారని మీకు తెలుసు. ప్రకటనలో ఆ లైను ఎక్కడా లేదు. తెలుగులో చెబితే నమ్ముతారని తెలిసినవాళ్ళు తెలుగులోనే హెచ్చరించాలి కూడా.

"రిటర్న్ గడువు దాటింది, తయారీదారును అడగండి" అన్నదే మీ నుంచి వచ్చిన ఆఖరి జవాబు. తయారీదారు ఎవరో నాకు తెలియదు. పెట్టె మీద మీ పేరే ఉంది, డబ్బు తీసుకున్నది మీరు.

రెండు సేఫ్‌లకు, హోల్‌స్టర్‌కు పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి. అయితే నాకు అంతకన్నా ముఖ్యమైనది వేరే ఉంది. ఈ మోడల్ కొన్న ప్రతి ఒక్కరి ఫోన్ నంబరూ, ఈమెయిలూ మీ బిల్లుల్లో ఉన్నాయి. వాళ్ళందరికీ తెలుగులో, ఇంగ్లీషులో ఈ వారమే మెసేజ్ పంపండి. వేలిముద్ర తాళం వాడొద్దని, బ్యాటరీలు తీసేసి తాళంచెవితో మాత్రమే వాడమని, ఆ చెవిని పిల్లలకు దొరక్కుండా పెట్టుకోమని చెప్పండి. 2023 రీకాల్‌లో కమిషన్ చెప్పిన జాగ్రత్త కూడా దాదాపు ఇదే. షెల్ఫులో ఉన్న సరుకు తీసేయండి. కరపత్రంలో ఆ వాక్యం కొట్టేయండి.

కమిషన్ వారి సేఫర్ ప్రొడక్ట్స్ వెబ్‌సైట్‌లో ఇప్పటికే రిపోర్టు ఇచ్చాను. టెక్సస్ డిసెప్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్ (వ్యాపార మోసాల) చట్టం ప్రకారం దావాకు ముందు ఇవ్వాల్సిన 60 రోజుల నోటీసుగా ఈ లేఖను తీసుకోండి. వాపసుకు ఆ గడువు చాలు, కానీ హెచ్చరికకు అంత ఆగలేం.

రెండు సేఫ్‌లనూ రిపేరు చేయించకుండా, ఖాళీగా, ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. మీ మనిషి ఎప్పుడొచ్చినా చూడవచ్చు, తన వేలితోనే తెరవవచ్చు. పిస్టల్ ఇప్పుడు బ్యాటరీ అక్కర్లేని బటన్ల మెకానికల్ తాళం ఉన్న ఉక్కు పెట్టెలో ఉంది. బిల్లు కాపీలు, కరపత్రం, అత్తయ్య వేలికి సేఫ్ తెరుచుకుంటున్న వీడియో జతచేశాను. నా పేరు, చిరునామా, ఫోన్ నంబరు బిల్లులోనే ఉన్నాయి.

ఇట్లు,
మీ కస్టమర్