లండన్ ఒక్కటే చూసి వెళ్లిపోకు రమణా

ఒరేయ్ రమణా,

నీ ప్రోగ్రామ్ చూశాను. ఉన్న రోజులన్నీ లండన్‌కేనా? రెండు రోజులు కోసేసి మా హెరిఫర్డ్‌షైర్ వైపు రా. లండన్ పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే మూడు గంటల్లో హెరిఫర్డ్‌లో దిగుతావు. కారు నేను తెస్తాలే. ఈ పల్లెల్లో బస్సును నమ్ముకుంటే స్టాపులోనే పొద్దుగూకుతుంది.

ముందు కిల్‌పెక్. 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాతితో కట్టిన చిన్న చర్చి. వెళ్లగానే లోపలికి దూరకు, బయట చుట్టూ తిరుగు. చూరు కింద వరసగా 80కి పైగా రాతి బొమ్మలున్నాయి. కుక్కా కుందేలూ పక్కపక్కనే ఒద్దికగా కూర్చున్నది చూస్తే నవ్వాగదు. వాటి మధ్యే సిగ్గూ ఎగ్గూ లేని ఒక ఆడబొమ్మ, షీలా నా గిగ్ అంటారు. టూరిస్టులు దాన్ని చూసి గుసగుసలాడుతుంటారు గానీ, గుడి గోడలు చూసి పెరిగిన మనకు అదేం వింత? దక్షిణ ద్వారం దగ్గర మాత్రం కాసేపు నిలబడాలి. నోట్లోంచి తీగలు కక్కుతున్న ముఖం ఒకటుంది, అచ్చం మన కీర్తిముఖమే అనిపిస్తుంది. చర్చి వెనక పాత కోట దిబ్బ కూడా ఉంది, ఓపికుంటే ఎక్కు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది బాక్టన్. మొదటి ఎలిజబెత్ రాణి దగ్గర తను చనిపోయేదాకా పనిచేసిన బ్లాంచ్ ప్యారీది ఈ ఊరే. రాణి ఉయ్యాలలో ఉన్ననాటి నుంచీ చూశానని తన స్మారకం మీదే రాయించుకుంది. అందులో బ్లాంచ్ బొమ్మ రాణి పక్కనే మోకాళ్ల మీద ఉంటుంది. అసలు సంగతేంటంటే, ఈ చర్చి గోడకు అద్దాల పెట్టెలో ఒక పాత గుడ్డ ఏళ్ల తరబడి వేలాడింది. వెండి జరీ పట్టు, దాని మీద గులాబీలు, డాఫొడిల్స్. ఒకప్పుడు పవిత్ర బల్ల మీద పరిచేవారట! చివరికి నిపుణులు పరిశీలించి, అది రాణి గౌనుదే అయ్యుంటుందన్నారు. ఆమె బట్టలు దాదాపు ఏవీ మిగల్లేదు మరి. 2019లో హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టారు. బాక్టన్‌లో ఇప్పుడా గుడ్డ కనిపించదు, అయినా వెళ్దాం.

అక్కడికి దగ్గర్లోనే అబ్బే డోర్, 1147లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసులు పెట్టిన మఠం. ఎనిమిదో హెన్రీ రాజు మూయించాక పాడుబడితే, మిగిలిన భాగాన్ని 1630ల్లో బాగుచేసి ఊరి చర్చి చేశారు. క్రూసేడ్ యుద్ధాల నాటి టెంప్లర్ సన్యాస వీరుల చర్చి ఉన్న గార్వే ఊరికి టైముంటేనే.

ఈ పల్లె చర్చిలకు టికెట్ ఉండదు, హుండీలో నీకు తోచింది వెయ్యి. వచ్చేటప్పుడు తలుపు వేయడం మర్చిపోకు, పిట్టలు లోపల చిక్కుకుంటాయి. టికెట్ కొనాల్సింది హెరిఫర్డ్ కెథీడ్రల్‌లోని మాపా ముండీకి. 1300 ప్రాంతంలో దూడ చర్మం మీద గీసిన ప్రపంచ పటం. తూర్పు పైన పెట్టారు కాబట్టి మన ఇండియా పైవైపు ఉంటుంది, ఏనుగుతో సహా!

బూట్లు గట్టివి తెచ్చుకో, సమాధుల మధ్య గడ్డి ఎప్పుడూ తడే. రైలు టికెట్ ముందే కొంటే చవక, ఏ తేదీకో వెంటనే రాయి. ఆ రోజు సెలవు పెట్టాలి నేను.

నీ
శీను