ముందు గళ్ళ కాగితం, తరవాతే సూత్రం

ఒడిశా విద్యాలయ, గణశిక్షా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. బళ్ళలో కోఆర్డినేట్ జ్యామితి, అంటే గళ్ళ కాగితం మీద చుక్క చోటును రెండు అంకెలతో చెప్పే లెక్కలు, నేర్పే తీరు గురించి రాస్తున్నాను. ఈ ఉత్తరం ఒడియాలోనూ పంపాను. తెలుగులో రాసింది మా వీధివాళ్ళు కూడా చదువుకోవాలని. బరంపురం నేతపనివాళ్ళ వీధిలో చాలా ఏళ్ళుగా లెక్కల ట్యూషన్ చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు.

మొన్న పదో తరగతి అమ్మాయికి (−2, 3), (1, −1) బిందువుల మధ్య దూరం కనుక్కోమని ఇచ్చాను. సూత్రం గడగడా అప్పజెప్పి, √17 అని జవాబు తెచ్చింది. 1లోంచి −2 తీసేయాల్సిన చోట 2 తీసేసిందన్నమాట. గ్రాఫు కాగితం ఇచ్చి గీసి చూడమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "బడిలో సార్ బోర్డు మీద గీశారు మాస్టారూ, మేం గీయలేదు" అంది. దగ్గరుండి చుక్కలు పెట్టించాక గళ్ళు తనే లెక్కపెట్టింది. కుడికి 3, కిందికి 4. "లంబకోణ త్రిభుజం! అయితే కర్ణం 5 కదా!"

ఆ అమ్మాయి తండ్రి బరంపురం పట్టు నేస్తారు. చీర డిజైన్ ముందుగా గళ్ళ కాగితం మీదే వేస్తారు. నిలువు వరస పడుగుకి (నిలువు దారాలకి), అడ్డ వరస పేకకి (అడ్డ దారాలకి). ఐదో పడుగు, రెండో పేక ఒక చోటు. రెండో పడుగు, ఐదో పేక ఇంకో చోటు. తారుమారైతే పువ్వు చెడిపోతుంది. (5, 2), (2, 5) ఒకటి కావని ఆ ఇంటి పిల్లకి చెప్పడానికి ఇంకేం కావాలి? మగ్గానికి మైనస్ సంఖ్యలు ఉండవు, నిజమే. అందుకు నాలుగు రోడ్ల కూడలి ఉంది: నడుమ సున్నా, తూర్పు, ఉత్తరం ప్లస్, పడమర, దక్షిణం మైనస్.

ఒడియాలో ఈ కోఆర్డినేట్ జ్యామితిని 'స్థానాంక' జ్యామితి అంటారు. తెలుగు పుస్తకాల్లోని 'నిరూపకం' కంటే ఇదే మంచి మాటని నా అభిప్రాయం. స్థానం చెప్పే అంకె, అంతే. తెలుగు పిల్లలకీ ఇట్టే తెలుస్తుంది. విడదీసి చెప్పేవాళ్ళు లేక పాఠం పేరు కూడా బట్టీ పడుతున్నారు.

టీచర్లను తప్పుపట్టను. సిలబస్ అవ్వాలన్న టెన్షన్ వాళ్ళది. పరీక్షలో ఓఎంఆర్ షీటులో సరైన జవాబు గుండ్రం నింపడానికి గ్రాఫు ఎందుకని పిల్లలే అడుగుతున్నారు.

తొమ్మిదో తరగతిలో ప్రతి ఒక్కరికీ ఒక గ్రాఫు పుస్తకం ఇప్పించండి. దూరం సూత్రానికి ముందు రెండు వారాలు చుక్కలు పెట్టడం, గళ్ళు లెక్కపెట్టడమే చేయించండి. పదో తరగతి పరీక్షలో చేత్తో గీసే ప్రశ్న ఒక్కటైనా పెట్టించండి. మూడిట్లో ఒక్కటే కుదురుతుందంటే ఈ చివరిదే చేయండి. పరీక్షలో వస్తుందంటే గ్రాఫు పుస్తకం పిల్లలే కొనుక్కుంటారు.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు,
బరంపురం, గంజాం జిల్లా