పిల్లల పిడికెడు బియ్యానికి, వేసవి చలివేంద్రానికి చేయూతనివ్వండి: రామాలయ కమిటీ విజ్ఞప్తి

గ్రామ పెద్దలకు, అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, బతుకుతెరువు కోసం పట్నాల్లో ఉంటున్న మన ఊరి బిడ్డలకు రామాలయ కమిటీ నమస్కారాలు.

ప్రతి శనివారం సాయంత్రం భజనకు ముందు మన గుడి మండపంలో పిల్లలు వరుస కడుతున్న సంగతి మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంట్లో అమ్మ ఎసట్లోకి బియ్యం కొలిచేటప్పుడు రోజుకో పిడికెడు తీసి సీసాలో దాచి, వారం చివర తెచ్చి డబ్బాలో పోస్తారు. కొడుకులు హైదరాబాదుకో భివండికో పనులకు పోగా ఒంటరిగా మిగిలిన ముసలివాళ్ల ఇళ్లకు ఆ బియ్యాన్ని పిల్లలే మోసుకెళ్తారు. మొన్న ఒక చిన్నపాప సీసా బోర్లించాక, చెమట పట్టిన అరచేతికి అంటుకున్న నాలుగైదు గింజలను వేలితో ఒక్కొక్కటే రాల్చి గానీ పక్కకు జరగలేదు. వరుసలో వెనక ఉన్నవాళ్లు కూడా తొందరపెట్టకుండా ఆగారు.

"ఇంత శ్రమ ఎందుకు, మేమే రెండు బస్తాలు వేస్తాం" అని కొందరు పెద్దమనసుతో ముందుకొచ్చారు. వారికి చేతులెత్తి మొక్కుతున్నాం. కానీ వద్దన్నాం. బస్తా వేస్తే ముసలివాళ్ల కడుపు నిండుతుంది, నిజమే. పిల్లల చేయి మాత్రం ఇవ్వడం మరిచిపోతుంది. అందుకే దయచేసి బియ్యం ఇవ్వకండి. పిల్లల వల్ల కానివాటికే మిమ్మల్ని అడుగుతున్నాం.

మొదటిది, డబ్బాలు. పాత రేకు డబ్బా అడుగు తుప్పు పట్టి, గత వానాకాలం రెండు వారాల బియ్యం పురుగు పట్టింది. పిల్లలు ఇళ్ల నుంచి చేటలు తెచ్చుకుని గుడి అరుగు మీద కూర్చుని చెరిగారు. అలాంటి పరిస్థితి మళ్లీ రాకూడదు. మూత బిగుతుగా ఉండే రెండు పెద్ద స్టీలు డబ్బాలు, ఒక త్రాసు కావాలి.

రెండోది చలివేంద్రం. మునుగోడు వైపు పుట్టినవాళ్లకు నీటి విలువ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు గారలు పడతాయి, అంతకంటే బాగా ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అన్న పేరే స్థిరపడిందంటే, మనవాళ్లు పడిన బాధ ఎంతటిదో తెలుస్తుంది. ఆ నీళ్లతో నడుము వంగిన తాతలు, అవ్వలు ఇప్పటికీ మన వాకిళ్లలో ఉన్నారు. వారి మనుమలు, మనుమరాళ్లు ఎండాకాలం సెలవుల్లో బస్సు స్టాపు దగ్గర నిలబడి, బోరు నీళ్లు కాకుండా కృష్ణా నీళ్లు నింపి బాటసారులకు పోస్తామంటున్నారు. దీనికి పది రంజన్లు, పొడవు కాడ గరిటెలు, తాటాకు పందిరి కావాలి. ఉగాది నాటికి పందిరి లేవాలి.

మూడోది పోచంపల్లి ప్రయాణం. 1951 ఏప్రిల్ 18న అక్కడికి వచ్చిన వినోబా భావేను దళిత కుటుంబాలు 80 ఎకరాల భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. అప్పుడు పోచంపల్లి మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అడిగినదానికంటే ఇరవై ఎకరాలు ఎక్కువ ఇచ్చిన ఆ నేలను పిల్లలు తమ కాళ్లతో తొక్కి రావాలని మా కోరిక. నలభై మందికి బస్సు, మధ్యాహ్న భోజనం ఖర్చు.

అన్నీ కలిపి 45 వేల రూపాయలు అవుతాయని లెక్క వేశాం. కమిటీ సభ్యులం 12 వేలు వేసుకున్నాం. మిగిలినది మీ చేతుల్లో ఉంది. వంద రూపాయలైనా సరే, రసీదు ఇస్తాం. శ్రీరామనవమి నాడు కల్యాణం తర్వాత మండపంలో పైసాతో సహా జమాఖర్చులు చదివి వినిపిస్తాం.

ఒక్క మాట మన్నించాలి. గుడికి ఇచ్చిన ఫ్యానులు, గంటలు, బండల మీద దాతల పేర్లు రాయించడం మన ఆనవాయితీ, అందులో తప్పేమీ లేదు. ఈ రంజన్ల మీద, డబ్బాల మీద మాత్రం ఎవరి పేరూ రాయించం. పిల్లలు తమ సీసాల మీద పేర్లు రాసుకోవడం లేదు కదా.

రసీదు పుస్తకం పూజారి గారి దగ్గర ఉంటుంది, ఉదయం హారతి తర్వాత ఎప్పుడైనా ఇవ్వవచ్చు. పట్నం నుంచి పండుగకు వచ్చేవారు శనివారం సాయంత్రం మీ పిల్లలను కూడా మండపానికి తీసుకురండి. వారి పిడికెడు వారినే పోయనివ్వండి.

ఇట్లు,
రామాలయ కమిటీ