ఏ భాగానికి ఎంత లక్ష్యం

గుణుపురం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం.

మీ పంపింగు వ్యవస్థ విశ్వసనీయతకు పైవారు ఒక లక్ష్యం పెట్టారనీ, దానిని అన్ని భాగాలకూ సమానంగా పంచి పట్టిక వేశాననీ వ్రాశావు. ఆ పట్టికను పంపే ముందు కొంచెం ఆగమ్మా. వంశధార ఒడ్డున ఎత్తిపోతల పంపుల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను.

మోటారు, పంపు, మోటారును నడిపించి ఆపే స్టార్టరు, వీటిలో ఏది ఆగినా కాలువకు నీరు ఆగుతుంది. ఒక సాగుకాలమంతా చెడకుండా నడిచే అవకాశం మోటారుకు నూటికి 95, పంపుకు 90, స్టార్టరుకు 80 అనుకుందాం. మూడింటినీ గుణిస్తే మొత్తానికి దక్కేది 68. నీకు కావలసినది 80 అయితే, సమానంగా పంచినప్పుడు ఒక్కొక్కదానికి సుమారు 93 వస్తుంది. మోటారు దానిని ఎప్పుడో దాటింది. పోనీ, ఎన్నటికీ చెడని మోటారునే తెచ్చి బిగించినా మొత్తం 72 దగ్గరే నిలిచిపోతుంది. స్టార్టరు ఒక్కదానినే 94కు తెస్తే 80 దాటుతావు. 1969లో గణాంక శాస్త్రవేత్త బర్న్‌బామ్ ప్రతిపాదించిన ప్రాముఖ్య కొలమానం (ఒక భాగం కొంచెం మెరుగైతే మొత్తం ఎంత మెరుగవుతుందో చెప్పేది) ప్రకారం కూడా, వరుసగా ఉన్న భాగాలలో అన్నిటికన్నా బలహీనమైనదాన్ని మెరుగుపరిస్తేనే మొత్తానికి ఎక్కువ మేలు.

తోడుగా రెండో స్టార్టరు పెట్టడం మరో దారి. రెండూ చెడే అవకాశం నూటికి 4 కనుక జంటకు 96 వస్తుంది. అయితే రెండూ ఒకే కారణంతో చెడేవి కానప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. మా పంపుహౌసులో రెండింటినీ కారే రేకు కింద ఒకే గోడకు బిగించారు. ఒక్క వానకు రెండూ తడిసి ఆగిపోయాయి, నారుమళ్లు ఎండాయి.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటి. ఒడియాలో వ్రాసే మా లాగుబుక్కులో రెండేళ్లపాటు ‘స్టార్టరు ట్రిప్పయింది’ అని వ్రాస్తూ, దానిలో, కరెంటు మితిమీరితే మోటారును ఆపే రిలేలను మారుస్తూ పోయాము. నిజానికి చుక్క నీరు కూడా కారకూడదని పంపు షాఫ్టు చుట్టూ ఉండే గ్లాండును అతిగా బిగించడం వల్ల షాఫ్టు బరువుగా తిరిగి, మోటారు ఎక్కువ కరెంటు లాగేది. ఓవర్‌లోడ్ రిలే తన పని తాను చేసేది. ఆ రాతలను బట్టి లక్ష్యం పెట్టి ఉంటే, తప్పు లేని భాగం మీద డబ్బు పోసేవాళ్లము.

అందుచేత నీ పట్టికలోని ఒక్కొక్క వైఫల్యాన్నీ, రాత్రి షిఫ్టు ఫిట్టర్లను పక్కన కూర్చోబెట్టుకుని, అసలు కారణం ఏ భాగానిదో దాని పేరున మార్చి వ్రాయి. ఆ తరువాత ఒక్కొక్క భాగాన్ని పెంచడానికి అయ్యే ఖర్చు కూడా పక్క గడిలో వేసి నాకు పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
నాన్న